అఫ్సరు అన్న మాట

పత్తి జిన్ను గుమాస్తా దశరథం ఉర్దూ మాట్లాడితే, ఆదిలాబాదు కచేరీలో వకీళ్లు పాన్ నమలడం ఆపి మరీ వినేవారు. అంతటి పండితుణ్ణి పక్కన పెట్టుకుని, ఆ పొద్దు జిన్ను గేటు దగ్గర రాజం సేటు కూలి సిద్దిరాములును వెళ్లగొడుతున్నాడు.

"రేపటి సంది రాకు. ఒంటిచేత్తోని పత్తి ఎట్ల ఎత్తుతవ్‌రా?"

సిద్దిరాములు కుడిచేతిని మోచేతి దాకా మింగింది ఆ జిన్నే. గాయం మానింది. ఆకలికి మానడమంటూ ఉండదు కదా!

"చెయ్యి యాడనో మర్సి రాలే సేటూ, మీ మిషిన్లనే పోయింది," అన్నాడు. "ఎడమ చెయ్యి ఉన్నది. కాంటా కాడ కూసుంట. పిల్లలు గలోన్ని, ఏదన్న పని సూపుండ్రి."

"నేను జిన్ను పెట్టిన. సత్రం పెట్టలే."

అంతలో దుమ్ము లేపుకుంటూ జీపు వచ్చి ఆగింది. ఔరంగాబాదు నుంచి కొత్తగా బదిలీ అయి వచ్చిన లేబర్ అఫ్సరు అందులోంచి దిగలేదు. సేటుకు వేలు చూపిస్తూ ఉర్దూలో గబగబా ఏదో హుకుం చెప్పి వెళ్లిపోయాడు. సిద్దిరాములుకు జిన్ను హోరు తప్ప మరేమీ వినపడలేదు. సేటుకు వినపడింది గాని సగమే అర్థమైంది.

"ఏమన్నడు దశరథం? మజూర్ మజూర్ అన్నట్టు ఇనవడ్డది. కూలోళ్ల ముచ్చటేనా?"

దశరథం కలం చెవిలో దోపుకున్నాడు.

"మజూర్ కాదు సేటూ, మాజూర్. దీర్ఘం ఇనలేదా? కాలో చెయ్యో లేనోళ్లను ఉర్దూల మాజూర్ అంటరు. కొత్త కానూన్ అట. ఉన్న మాజూర్లను తీసేస్తే కేసు. పని అడుగవస్తే ఎల్లగొట్టినా కేసే. వాళ్లకు వశమయ్యే పని మనమే చూడాలె."

"గిదేం కానూన్ర నాయనా! చెయ్యి పోయినోన్ని నేను సాదాల్నా?"

"మరి ఎవరి జిన్నుల పోయింది సేటూ?"

సేటు రోడ్డు వైపు చూశాడు. జీపు లేపిన దుమ్ము ఇంకా అణగలేదు.

"కాంటా కాడ కూసో పో," అన్నాడు సిద్దిరాములుతో, మొహం అటు తిప్పుకుని.

ఊళ్లో ఈ మాట దాగుతుందా? వారం తిరక్కముందే బిస్మిల్లా బీ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. నడవలేనిదానివి నీకేం పనని సేటు ఒకప్పుడు తిప్పి పంపిన మనిషే.

"నేను సుత మాజూర్‌నే సేట్ సాబ్. పత్తిల చెత్త ఏరనీకె చేతులు గావాలె గని కాళ్లెందుకు?"

సేటు సణుగుతూనే ఆమెకు పీట చేయించాడు.

మరుసటి పత్తికాలంలో అఫ్సరు మళ్లీ వచ్చాడు. కానూన్ వాపసు తీసుకున్నారేమోనని సిద్దిరాములు ఎడమచేత్తో కాంటాను గట్టిగా పట్టుకున్నాడు.

"మీరు చెప్పినట్టే చేసిన సాబ్. ఒక్క మాజూర్‌ను సుత తీసెయ్యలే," అన్నాడు సేటు చేతులు కట్టుకుని.

అఫ్సరు కనుబొమలు పైకి లేచాయి. కాంటా దగ్గర సిద్దిరాములును చూశాడు, పీట మీద బిస్మిల్లా బీని చూశాడు. చివరికి దశరథాన్నీ చూశాడు. సిద్దిరాములు దగ్గరికి నడిచి వెళ్లి, తన ఎడమచెయ్యి చాపి అతని ఎడమచేతిని పట్టుకున్నాడు.

"బహుత్ అచ్ఛా, సేట్," అని జీపెక్కాడు. ఆ రోజంతా సేటును పట్టలేకపోయారు.

అన్నట్టు, వకీళ్లు పాన్ నమలడం ఆపింది దశరథం ఉర్దూకు నవ్వొచ్చి. ఎక్కడ కోటు మీద పడుతుందోనని. అదలా ఉంచితే, కథలో కల్పన ఎంత అంటారా? జిన్ను నిజం, జీపు నిజం. సిద్దిరాములు ఆ కాంటా దగ్గరే ముసలివాడయ్యాడు, అదీ నిజమే. నేను కల్పించింది ఒక్క దీర్ఘమే.

అదీ ఇప్పుడు కాదు, ఆ రోజు గేటు దగ్గరే, కలం చెవిలో దోపుకుంటూ.