మూడో షరతు

“మొదటి రెండు పాటలకే ఫొటోలు. ఫ్లాష్ కొట్టకూడదు. హార్మోనియం వాయించే ఆయన ఒక్క ఫొటోలోనూ పడకూడదు. అయ్యాక రీలు మాకిచ్చెయ్యాలి. ఇష్టమైతే సంతకం పెట్టు, లేకపోతే జనంలో కూర్చుని పాటలు విను,” అంటూ గణపతిరావు కాగితం ముందుకు తోశాడు.

రిచర్డ్ కాగితం మళ్లీ చదివాడు. న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీ తెలుగు సంఘం పండగకి విశాఖపట్నం నుంచి గాయని వసంత బృందం వచ్చింది. గణపతిరావు ఆ బృందానికి మేనేజరు. రిచర్డ్ పగలు నిమ్‌పురా రైలింజన్ల షెడ్డులో ఫిట్టరు, సెలవు దొరికితే చాలు మెడలో కెమెరా. బృందమంతా ఒకే ఫొటోలో ఉంటే అట్ట మీద వేస్తానని కలకత్తా పత్రిక ఎడిటరు మాటిచ్చాడు. అట్టెక్కితే పెళ్లిళ్ల ఫొటోగ్రాఫరన్న పేరు పోతుంది. ఆ ఆశతో వారం రోజులుగా అతనికి కంటి మీద కునుకు లేదు.

“ఫ్లాష్ ఒద్దంటే మానేస్తాను సార్. రెండు పాటలు ఏ మూలకి? నాలుగు సెయ్యండి.”

“మూడు.”

“ఠీక్ హై. రీలు మాత్రం నాదే. ప్రింట్లు మీకు అంపిస్తాను.”

గణపతిరావు గడ్డం గోక్కున్నాడు. “వసంతమ్మ చూసి ఒప్పుకున్నదే పత్రికకి పంపాలి.”

“అలాగే సార్.”

రిచర్డ్ లోలోపల గంతేశాడు. చేపల బజార్లో తల్లి సుజాతమ్మ వెనక తిరిగి నేర్చిన బేరం ఊరికే పోతుందా!

“ఇంక ఆ మూడోది కూడా కొట్టెయ్యండి.”

“అది కుదరదు.”

“ఏటి సార్, ఆయన పక్కనుంటే అమ్మగారికి నామోషీయా?”

“ఆవిడ కాదయ్యా, ఆయనే పెట్టాడు. మిగతా ఊళ్లలో ఏ పేచీ లేదు. ఈ ఊరనగానే రానని భీష్మించుకున్నాడు. ఇది రాసిస్తేనే రైలెక్కాడు. ఆయన లేకపోతే వసంతమ్మ గొంతు విప్పదు.”

“ఇక్కడ ఎవరి పిల్లనో లేపుకుపోయుంటాడు,” అని నవ్వాడు రిచర్డ్. గణపతిరావు నవ్వలేదు. రిచర్డ్‌కి ఒళ్లు మండింది.

“మనిసిని పటంలోంచి తీసెయ్యడం పాపం సార్! మా నాన్నది ఒక్క ఫొటో నేదు. నాకప్పుడే మీసాలొస్తన్నాయి. ఆయన రైలు కింద పడి పోయినాడు. సవం పెట్టెకి మేకులు కొట్టేసి తెచ్చినారు, ఆఖరి ఫొటో కూడా తియ్యనివ్వనేదు. పోయినాడని ఆయన రైల్వే ఉజ్జోగం నాకిస్తే, మొదటి జీతంతో ఈ కెమెరా కొన్నాను. ఆయన మొకం మర్సిపోతన్నానని మాయమ్మ ఇప్పుడికీ ఏడుస్తాది.”

 గణపతిరావు కలం మూత తీశాడు. “నువ్వే వెళ్లి అడుగు. ఆయన సరేనంటే కొట్టేస్తాను.”

స్టేజీ వెనక గదిలో ఓ ముసలాయన గోడవైపు తిరిగి కూర్చుని హార్మోనియం తుడుస్తున్నాడు. డిసెంబరు చలికి మంకీ క్యాపు కళ్లదాకా లాక్కున్నాడు.

“మాస్టారూ, ఒక్క ఫొటో,” అన్నాడు రిచర్డ్ గుమ్మంలోంచి. “అందరితోపాటే సిన్నగా పడతారు. కాదనకండి.”

గుడ్డ పట్టుకున్న చెయ్యి ఆగింది. ముసలాయన వెనక్కి తిరగలేదు.

“ఎవరికి బయపడతన్నారు మాస్టారూ? ఎవరేటి సేస్తారు మిమ్మల్ని? నానుంటాను కదా!”

ముసలాయన లేచాడు. రిచర్డ్‌ని లోపలికి లాగి తలుపు దగ్గరికి వేసి, మెల్లగా టోపీ తీశాడు.

రిచర్డ్ ఆ మొహంలోకి వంగి చూశాడు.   తెలియకుండానే చెయ్యి కెమెరా మీదికి పోయింది. ముసలాయన అరచేత్తో లెన్సు మూసేశాడు.

“నాను బతికున్నట్టు తెలిస్తే నీ ఉజ్జోగం పోద్దిరా, రిచ్చీ.”