పండుతాత తంగేడుపువ్వు

చెరువు మీదికి వంగిన ఈతచెట్టు మాది. మేం గిజిగాళ్ళం. ఆ రోజుల్లో మా పండుతాత గూడల్లడం అడిగిన ప్రతి పిట్టకీ నేర్పేవాడు. "నచ్చినట్టు మార్చుకోండర్రా" అనేవాడు. నియమం ఒక్కటే. గూటికి తలకిందులుగా వేలాడి, ఊగి చూసి, కుదిరిందనిపిస్తే గుమ్మానికి తంగేడుపువ్వు ఆయనే గుచ్చుతాడు.

నేను మహా తెలివైనవాణ్ణి. గుడ్లు దొర్లకుండా లోపల అల్లే గట్టు దండగనిపించి మానేశాను. గూడు ఒక్క పూటలో అయిపోయింది. పువ్వు కూడా నేనే గుచ్చేశాను.

గుడ్లు పెట్టే వేళయి గూడు వెతుక్కుంటున్న ఓ పిచ్చుక వాలింది. "తాత పువ్వుందిగా, ఇంకేం చూడాలన్నా! ఇక్కడే పెట్టేస్తా."

అంతలో తాత వచ్చాడు. "పువ్వు తియ్యరా."

"అల్లిక అందరిదీ అన్నావుగా తాతా!"

"అల్లిక అందరిదీ. పువ్వు నా మాట. నా మాట నువ్విచ్చేస్తే ఎలారా వెధవా?"

ఒక మట్టి ఉండ గూట్లో వేశాడు. గాలికి గూడు ఊగింది. ఉండ దొర్లి చెరువులో బుడుంగుమంది. పిచ్చుక కళ్ళు మూసుకుంది.

పువ్వు తీసేశాను. గట్టుతో సహా మళ్ళీ అల్లి, నా గుర్తుగా ఎండు తుమ్మకాయ కట్టుకున్నాను. ఆ ఏడు నా గూటివైపు ఈగ కూడా రాలేదు.

తాత పోయాక వచ్చిన వానాకాలంలో ఆ పిచ్చుకే తుమ్మకాయ చూసి వచ్చింది. గాలి వీచేదాకా గుమ్మంలోనే కూర్చుంది. లోపల మూడుసార్లు గెంతి చూసింది. తరవాత గుడ్డు పెట్టింది.

"చూశావా తాతా!" అంటూ ఆయన కూర్చునే పైమట్టకేసి తల తిప్పాను. అలవాటు.