తొంభై నాలుగు దాటితే చాలు

“ముందు అంకె చెప్పండి పెద్దాయనా, కబుర్లు తర్వాత.”

“పలకరింపైనా లేకుండా అంకె అడిగితే ఎలా నర్సమ్మా? యంత్రం వేలికి తగిలించాను. అదింకా ఆలోచిస్తోంది.”

నర్సమ్మ ఫోను చెవికి గట్టిగా నొక్కిపెట్టుకుంది. దేశం మీదికి ఒకేసారి రెండు జ్వరాలు వచ్చిపడ్డాయి. ఒకటి ఊపిరితిత్తుల్ని పట్టుకుంటుంది, ఇంకొకటి కీళ్ళని. ఆసుపత్రుల్లో మంచాలు చాలక, కాస్త నయంగా ఉన్నవాళ్ళని ఇళ్ళలోనే ఉంచి రోజూ ఫోనులో కనుక్కుంటున్నారు. కీళ్ళ జ్వరంతో కుంటుతున్న నర్సమ్మకి ఆ ఫోను పని అప్పగించారు. ఈ దగ్గు జ్వరం పెద్దాయనకి మాత్రం అందరికంటే చివర ఫోను చేస్తుంది. ఒక పట్టాన వదలడు మరి.

నిన్న ఆయన ఆక్సిజన్ తొంభై నాలుగు. ఇవాళ ఇంకా తగ్గితే ఆసుపత్రి బండి వచ్చి తీసుకుపోతుంది. ఎంత దూరాన మంచం దొరికితే అంత దూరం. వెంట ఎవర్నీ రానివ్వరు. అలా చెయ్యి ఊపి బండెక్కినవాళ్ళలో తిరిగిరానివాళ్ళని ఆమె ఎరుగును.

“మీ మోకాళ్ళెలా ఉన్నాయి?”

“ఊరందరి మోకాళ్ళలాగే ఉన్నాయి. అంకె!”

“అచ్చం మా ఇంటావిడలాగే విసుక్కుంటారు. ఆవిడైతే నా మొహం చూడ్డమే మానేసింది.”

“మంచి పని చేసింది. మీ జ్వరం ఆవిడకెందుకు?”

“కష్టసుఖాలు చెరిసగం అనుకున్నామండీ!”

“జ్వరాలు అందులోకి రావు. ఈ మాటలన్నీ రికార్డవుతాయి, మా పైవాళ్ళు వింటారు.”

“విననివ్వండి. మీ గొంతు బావుందనడం నేరమా?”

“ఆవిడ వింటే మీ పని పడుతుంది.”

“వింటే బాగుండు. ఇన్నేళ్ళలో ఆవిడకి ఆ మాట చెప్పనే లేదు.”

నర్సమ్మ ఫోను రెండో చెవికి మార్చుకుంది.

“అంకె,” అంది.

“ఆ, వచ్చింది. తొంభై...”

“తొంభై?”

“ఉండండి, కళ్ళజోడు...”

“పెద్దాయనా!”

“తొంభై ఆరు!”

ఆమె కళ్ళు తుడుచుకుని గొంతు సవరించుకుంది. “సరే, బండితో పనిలేదు. నీళ్ళు బాగా తాగండి. రేపు చేస్తాను.”

“సాయంత్రం ఇంకోసారి చెయ్యకూడదూ?”

“నాకింకో పని లేదనుకున్నారా?”

ఫోను పెట్టేసి, కుంటుకుంటూ వంటింట్లోకి వెళ్ళి పళ్ళెం సర్దింది.

“ఏమండీ, భోజనం గుమ్మం దగ్గర పెట్టాను,” అంది, మూసి ఉన్న పక్కగది తలుపు తట్టి.