నాలుగు వేళ్ల నీళ్లు

“నిర్మలమ్మ డాబా మీద పోసిన నీళ్లు పోసినట్టే మాయమైతున్నయట. నువ్వు పూసిన మందు ఉత్తదేనట,” అంది ప్రమీల, కూర గిన్నె మొగుడి ముందుకు జరుపుతూ.

రాంబాబు ఎత్తిన ముద్ద కంచంలో పెట్టేశాడు. “ఎవరన్నరు?”

“పున్నమ్మత్త కిరాణం కాడ అన్నదట. దుకాణపామె నాకు చెప్పింది. ఈపాటికి పెనుబల్లి ఊరంత చెప్పే ఉంటది.”

రాంబాబు చెయ్యి కడిగేసుకున్నాడు. పెద్దమేస్త్రి కింద పని మానేసి సొంతంగా ఒప్పుకున్న మొదటి పని అది. నిరుటి వానలకు నిర్మలాదేవి డాబా హాల్లోకి కురిసింది. దాన్ని గీకి, కడిగి, పగుళ్లు పూడ్చి, పూత మీద పూత వేసి వాటర్‌ప్రూఫింగ్ చేశాడు. అది నిలిస్తే ఆవిడ అన్న వెంకటరామారావు సత్తుపల్లిలో కడుతున్న ఫంక్షన్ హాలు కప్పు కూడా అతనికే. నిలవకపోతే మళ్లీ పెద్దమేస్త్రి గుమ్మం ముందు చేతులు కట్టుకుని నిలబడ్డమే.

పని మీద నమ్మకం కొద్దీ పరీక్ష కూడా తనే పెట్టుకున్నాడు. తూములకు గుడ్డలు కుక్కి, బంకమట్టి మెత్తి, డాబా నిండా నాలుగు వేళ్ల లోతు నీళ్లు పెట్టించాడు. పిట్టగోడకు సుద్దముక్కతో గీత గీసి, “ఇట్లనే ఉంచుండ్రి అమ్మా. కింద చెమ్మ కనబడితే నా పేరు మార్చుండ్రి,” అని మీసం దువ్వాడు.

చెమ్మయితే కనబడలేదు. నీళ్లే కనబడకుండా పోతున్నాయి.

రాంబాబు సైకిలెక్కి వెళ్లేసరికి డాబా మెట్ల మీద పున్నమ్మ కర్ర పట్టుకుని కూర్చుని ఉంది. చీర కుచ్చెళ్లు మోకాళ్ల దాకా తడిసి ఉన్నాయి. పక్క పెంకుటిల్లు ఆమెది. అడవి వదిలి ఊరి మీద పడ్డ కోతులు డాబా పాడు చెయ్యకుండా, నిర్మలాదేవి మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు తను కాపలా ఉంటానని ఆమే ముందుకొచ్చింది.

“ఏందత్తా, నా పని ఉత్తదని ఊరంత చెప్తున్నవట?”

“ఉన్నదే చెప్పిన. నీళ్లు తగ్గినయా లేదా?”

“కోతులు తాగుతున్నయేమో!”

“నేను కూసున్న కాడికి కోతి వస్తదా? తోక కోసి చేతిల పెడ్త.”

“మరి ఎండకు ఆరుతున్నయా?”

“ఎండకు గంత తగ్గుతయా? నన్నడుగుతవేంది, మేస్త్రివి నువ్వా నేనా?” అని నవ్వి, ఒడిలోంచి రెండు బీరకాయలు తీసింది. “మనసుల పెట్టుకోకు బిడ్డా. ప్రమీలకియ్యి, పప్పుల వేస్తది. నా మాటిని ఇంకోసారి నింపియ్యి. పని గట్టిదో కాదో తేలాలె గద!”

నోరే గానీ మనసు మంచిదనుకున్నాడు రాంబాబు. ఆమె అడిగిందీ ఎక్కువేం కాదు. పని మొదలైన రోజు, “దండేనికి తాడు లేదు బిడ్డా” అంటే మిగిలిన పొడవాటి రబ్బరు పైపు ముక్క ఇచ్చాడు. అప్పటి నుంచి కనబడ్డప్పుడల్లా ఏదో ఒక కాయ చేతిలో పెడుతూనే ఉంది.

నిర్మలాదేవి మోటరు వేసింది. నీళ్లు మళ్లీ గీతను తాకాయి. మళ్లీ తగ్గాయి. రాంబాబు మోకాళ్ల మీద పాకుతూ మూలమూలా తడిమాడు. పిట్టగోడ మీంచి వంగి బయటి గోడలు చూశాడు. చుక్క తడి లేదు. కింద పున్నమ్మ చీరలు కంచె మీద ఆరుతున్నాయి. హాల్లో నిచ్చెనెక్కి కప్పుకు చెంప ఆనించాడు. పొడిగా, వెచ్చగా తగిలింది.

“ఏమయ్యా రాంబాబూ! పైన నీళ్లుండవు, కింద చెమ్మ ఉండదు. మా ఇల్లేమన్నా దాహం పట్టిన దయ్యమా?” అంది నిర్మలాదేవి.

“అదే నాకూ సమజైతలేదమ్మా.”

“సమజు కాకపోతే మా అన్నయ్యకేం చెప్పమంటావు? ఆదివారం వస్తున్నాడు.”

ఆదివారం వెంకటరామారావు వచ్చాడు. చెల్లెలింట బెండకాయ వేపుడుతో భోంచేసి, “ఈ ఎండల్లో ఇంత లేత కాయలెక్కడివే?” అని రెండోసారి వేయించుకున్నాడు.

“పక్కింటి పున్నమ్మ ఇచ్చింది. ఆమె చెయ్యి అలాంటిది,” అంది నిర్మలాదేవి.

తర్వాత అందరూ డాబా ఎక్కారు. వెనకాలే పున్నమ్మ కర్రతో సహా ఎక్కింది. వెంకటరామారావు పంచె ఎగ్గట్టి, గీతకూ నీళ్లకూ మధ్య వేళ్లు పెట్టి చూశాడు. మూడు వేళ్లు పట్టింది.

“ఇంకేముంది? స్లాబే తాగేస్తోంది. ఇప్పుడు తాగి శ్రావణంలో కక్కుతుంది,” అన్నాడు. “ఫంక్షన్ హాలు సంగతి ఇక మర్చిపోవయ్యా.”

“అయ్యా, ఒక్కసారి, ఇంకొక్కసారి నింపుదం. నేనే రాత్రింబగళ్లు ఈడనే కూసుంట,” అన్నాడు రాంబాబు.

“చాల్లేవయ్యా! వీధిలో బావులన్నీ ఎండిపోయాయి. మీ పరీక్షకు తోడి తోడి మా బోరు కూడా బురద పోస్తోంది,” అంది నిర్మలాదేవి. “ఆ గుడ్డలు పీకెయ్, ఉన్న నీళ్లు పోనీ.”

రాంబాబు తూము దగ్గర గొంతుక్కూర్చున్నాడు. తన చేత్తో మెత్తిన మట్టిని తనే గోళ్లతో పెళ్లగించడం మొదలుపెట్టాడు. పున్నమ్మ గబగబా నీళ్లలోకి దిగొచ్చి, కర్ర అతని చేతికి అడ్డం పెట్టింది.

“ఇయ్యాల తియ్యకు బిడ్డా, నా బెండమడి ఇంకా తడవలే.”