ఎర్ర తెరచాప తాళం

"శుక్రవారం సాయంత్రంలోగా ఆ గొళ్లెం నోరు మూయించు. లేదంటే నీ కుర్చీ ఖాళీ," అన్నారు మా సార్.

గొళ్లెం అంటే మనిషే. మా కంపెనీ చేసిన పడవల కంప్యూటర్ ఆట మీద, మా సైట్లో అందరికీ కనబడేలా ఫిర్యాదు పెట్టిన మనిషి మారుపేరది.

"డీఆర్‌ఎం లేదు, అంటే డిజిటల్ తాళాల్లేని ఆట అని అట్టపెట్టె మీద అచ్చేశారు. మరి బోనస్‌గా ఇచ్చిన ఎర్ర తెరచాప ఎత్తాలంటే ప్రతిసారీ నెట్‌లోకొచ్చి పేరూ పాస్‌వర్డూ చెప్పాలా? అది తాళం కాదా?" ఇదీ గొడవ.

ఫిర్యాదులకు జవాబు రాయడం నా ఉద్యోగం. ఆ తాళం పెట్టిన రోజు మీటింగులో ఇది తప్పని నేనూ గొణిగాను. "నిన్నెవరడిగారు?" అన్నారు సార్. నిజమే, ఎవరూ అడగలేదు. బుద్ధిగా బిస్కెట్ తిన్నాను.

ఇప్పుడు మా ఆవిడకు ఏడో నెల. ఉద్యోగం పోతే ఏ మొహం పెట్టుకుని ఇంటికెళ్లను? భయంతోనే నడుం బిగించాను.

"అయ్యా, ఆటంతా నెట్ లేకుండానే ఆడుకోవచ్చు. తెరచాప అదనం. అదనానికి అడిగే పాస్‌వర్డు డీఆర్‌ఎం కిందికి రాదు," అని రాసి, నా తెలివికి నేనే మురిసిపోయి టీకి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి జవాబు సిద్ధం.

"కొనుక్కున్న ఇంట్లో బాల్కనీలోకి వెళ్లాలంటే అమ్మినవాణ్ణి అడగాలా? దాన్ని తాళం అనక దండ అంటారా?"

జనం చప్పట్ల బొమ్మలు కురిపించారు. ఒళ్లు మండినవాడిలా కీబోర్డు అందుకున్నాను.

"తెరచాప లేకపోయినా పడవ నడుస్తుంది కదండీ!" అన్నాను.

భోజనం చేసొచ్చేసరికి మళ్లీ దెబ్బ. "మరి అట్టపెట్టె మీద పడవకు ఎర్ర తెరచాప ఎందుకేశారు?"

పెట్టె తిప్పి చూశాను. ఉంది, ఇంతెత్తున!

పక్క సీట్లో బొమ్మలేసే అక్క పకపకా నవ్వింది. "వేసింది నేనే. ఒరేయ్, నువ్వు వాదిస్తున్నట్టు లేదురా, అతనికి బంతులు అందిస్తున్నట్టుంది."

"నా మొహానికి అంతే వచ్చక్కా," అన్నాను.

శుక్రవారం సార్ పిలిచారు. రెండు వైపుల రాతలూ మొదటినుంచీ చదివారట.

"అతను చెప్పిందే న్యాయం. తాళం తీసేయిస్తున్నా," అన్నారు. నా ప్రాణం లేచొచ్చింది.

"కానీ ఇన్ని జవాబులు రాశావే, ఒక్కటైనా నిలబడిందా? అతని తెలివిలో పావు వంతు నీకుంటే బాగుండేది. సోమవారం నుంచి రానక్కర్లేదు. నీ సీట్లో అలాంటివాడు కావాలి నాకు."

బ్యాగు సర్దుకుని మెట్లు దిగుతుంటే, "మా దగ్గర ఉద్యోగంలో చేరతారా?" అని గొళ్లెంకి సార్ పంపిన మెసేజ్, టీ వేళా భోజనం వేళా నేను దొంగచాటుగా టైపు చేసిన నా జేబులోని ఫోన్‌లో టింగుమంది.