ఆవిరికి మేత

"నీ గొర్రెలు నా ఫ్యాక్టరీని మేసేశాయి!" ఖాళీ షెడ్డు గుమ్మంలో నిలబడి అరిచింది మేనేజరు ఉన్నుర్.

పొరుగు రైతు బెర్గుర్ లోపలికి తొంగి చూశాడు. నిన్నటిదాకా షెడ్డు నిండా ఉన్న ఎండుగడ్డి మోపుల్లో తాళ్లు మాత్రమే మిగిలాయి. మూలన అతని గొర్రెలు తాపీగా నెమరేస్తున్నాయి.

"తలుపు తీసిపెట్టిందెవరు మరి?" అన్నాడు.

"పోట్లాట తర్వాత! రెండింటికి మంత్రి వస్తోంది. ఇవాళ నూనె తీసి చూపించకపోతే మా ఆవిరి బావిని చేప తలలు ఎండబెట్టేవాళ్లకి ఇచ్చేస్తారు. పన్నెండు మందిమి రోడ్డున పడతాం."

ఐస్‌లాండ్‌లోని ఆ ఊళ్లో ఆవిరికి కొదవలేదు. ఎక్కడ తవ్వినా బుసకొడుతూ వస్తుంది. ఆ వేడితో గడ్డీ గాదం ఉడికించి, కార్లలో పోసుకునే నూనె తీద్దామని మహా గొప్పగా ఫ్యాక్టరీ కట్టారు. ఆ నేలలో గడ్డి మొలవడమే గగనమని కట్టాక గుర్తొచ్చింది.

"నీ కొట్టంలో గడ్డి ఇవ్వు," అంది ఉన్నుర్.

"ఇచ్చి? చలికాలమంతా గొర్రెలకి నీ ఉపన్యాసాలు మేపనా?" బెర్గుర్ గడ్డం గోక్కున్నాడు. "కట్టె పనికొస్తుందా?"

"ముక్కలు చేసి తెస్తే బ్రహ్మాండం."

గంటన్నరలో ట్రాక్టరు నిండా చెక్కముక్కలతో తిరిగొచ్చాడు.

"ఎక్కడివి?"

"అడక్కు. ఉడికించు."

ఉన్నుర్ అడగలేదు. పోయిన ప్రాణం లేచొచ్చినట్టయి యంత్రం మీట నొక్కింది.

రెండింటికి మంత్రి సలోమే దిగింది. చేతికిచ్చిన నూనె సీసా మూత తీసి వాసన చూసి కళ్లు మూసుకుంది. "ఆహా! అడవిలో నిలబడ్డట్టుంది. బావి మీదే, ఉన్నుర్. ఎవరూ ముట్టుకోరు!"

అందరూ చప్పట్లు కొట్టారు. ఉన్నుర్‌కి ఆనందంతో కళ్లు చెమర్చాయి.

సలోమే సీసాను గుండెలకు హత్తుకుని, ఫొటోగ్రాఫర్‌ని పిలిచింది. "ఇక్కడొద్దు. పదేళ్ల కింద ఈ ఊళ్లో నేను స్వయంగా రెండొందల బిర్చ్ మొక్కలు నాటాను. ఈపాటికి చెట్లయి ఉంటాయి. వాటి మధ్య ఫొటో దిగుదాం. ఎటు వెళ్లాలి?"

ఉన్నుర్ చప్పున బెర్గుర్ వైపు తిరిగింది. అతను టోపీ తీసి చేత్తో నలుపుకున్నాడు.

"ఎటూ వెళ్లక్కర్లేదు సలోమే గారూ. మీరు వాసన చూసింది వాటినే."