కవరు మీద పేరు

కర్ర మొదటి దెబ్బ గాజు సీసాల మీద పడింది. రెండోది అల్లాబక్షు భుజం మీద.

"నా గొడ్డును చంపినావు గదరా!" చెంగయ్య మళ్ళీ కర్ర ఎత్తాడు.

కోట బజార్లో ఇరవయ్యేళ్ళుగా నడుస్తున్న అల్లాబక్షు కిరాణా కొట్టు అది. సీసాలు భళ్ళుమన్నాయి. బెల్లంలో, చింతపండులో గాజుపెంకులు. బజారంతా పోగయింది గానీ ఒక్కడూ అడ్డం రాలేదు. తన్నులాట ఉత్తపుణ్యానికి దొరికితే మనవాళ్ళు ఎందుకు వదులుతారు!

చెంగయ్యకు ఉన్నది ఒక్కటే బర్రె. చూలుది. దాని పాలతోనే ఇల్లు గడిచేది. అయిదు రోజులు కడుపుబ్బి, మేత ముట్టక, ఈ పొద్దున ప్రాణం వదిలింది. పశువుల డాక్టరు పొట్ట కోస్తే దోసిళ్ళకొద్దీ ప్లాస్టిక్ కవర్లు. అందులో ఒకటి తెచ్చి అల్లాబక్షు మొహాన కొట్టాడు చెంగయ్య. దాని మీద కొట్టు పేరు ఇంకా చెరగలేదు.

"కవర్లు మానేసి ఆర్నెల్లయింది చెంగన్నా! అల్లా మీద ఒట్టు. పొట్లాలే కడతా ఉండా. సంచి తెచ్చుకోమని అందరికీ చెప్తా ఉండా."

"అందరికీ నీతులు చెప్పి, చాటుగా కవర్లిస్తా ఉండావు!"

ఈసారి దెబ్బ మణికట్టు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు వీధిలోకి వినిపించింది. అల్లాబక్షు కూలబడ్డాడు. చెంగయ్య డొక్కలో తన్నాడు. మళ్ళీ అక్కడే తన్నాడు. అల్లాబక్షు నోట్లోంచి రక్తం కారి, ఒలికిన మినప్పప్పులో పడింది. పాపం, అప్పుడు కూడా అతను ఎదురు తిరగలేదు.

"నీ మాట నమ్మి నేను గుడ్డసంచి పట్టినా గదరా! పోయి మా ఇంట్లో వెతుక్కో. ఒక్క కవరు దొరికితే నా తల నరుకు!" చెంగయ్య మళ్ళీ కర్ర ఎత్తాడు.

అల్లాబక్షు నేల మీద నుంచే తల ఎత్తి చూశాడు.

"అందరిళ్ళలో మాదిరే మీ వంటింటి తలుపెనకా కవర్ల మూట ఉండేది గదన్నా... ఏళ్ళ తరబడి దాచింది. అదేమయింది?"

కర్ర గాల్లోనే ఆగిపోయింది.

గుడ్డసంచి ఇంటికి తెచ్చిన రోజునే, ఇక వీటితో పనేముందని ఆ మూట విప్పి, కవర్లన్నీ బర్రెను కట్టేసే గుంజ పక్కన దిబ్బ మీద పారబోసింది చెంగయ్యే.